చెప్పేవాడు, వ్రాసేవాడు: రెనాల్డ్స్ అసంపూర్ణ చిత్రపటంలో రాజకీయ సంభాషణ స్వరూపం

ప్రస్తావన

చరిత్ర రచనలో చిత్రపటానికి సాధారణంగా దక్కేది అలంకార స్థానమే. శాసనం, కైఫీయతు, ఉత్తరం, శాసనసభ చర్చల నివేదిక వంటివాటిని ఆధారాలుగా స్వీకరించే చరిత్రకారుడు, చిత్రపటాన్ని గ్రంథం మొదటి పుటకు ఎదురుగా అచ్చువేసి ఊరుకుంటాడు. అందులోని వ్యక్తి పోలికలు తెలిస్తే చాలునన్నది ఆ వైఖరి. ఇద్దరు రాజనీతిజ్ఞులను ఒకే పటంలో, ఒకే బల్ల దగ్గర, మాట్లాడుకుంటున్న భంగిమలో చూపినప్పుడు ఈ వైఖరి చాలదు. అక్కడ చిత్రకారుడు రెండు ముఖాలతోపాటు ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని కూడా చిత్రిస్తాడు. ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు, ఎవరి చేతిలో కలం ఉంది అనే ప్రశ్నలకు సమాధానం చెప్పకుండా అటువంటి పటం తయారుకాదు.

సర్ జాషువా రెనాల్డ్స్ (1723-1792) 1766 ప్రాంతంలో చేపట్టి, పూర్తి చేయకుండా వదిలిన ఒక తైలవర్ణ చిత్రం ఈ వ్యాసానికి విషయం. అందులోని వ్యక్తులు రెండవ రాకింగ్‌హామ్ మార్క్విస్ ఛార్లెస్ వాట్సన్-వెంట్‌వర్త్, ఆయన ఆంతరంగిక కార్యదర్శి ఎడ్మండ్ బర్క్. పటం ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది. ఈ చిత్రం ప్రభువు చెప్పగా లేఖకుడు వ్రాసుకునే పాత నమూనాను స్వీకరించిందనీ, అయితే అది చూపదలచిన రాజకీయ సంబంధం ఆ నమూనాలో ఇమడదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ ఇమడకపోవడమే చరిత్రకారుడికి దీనిని విలువైన ఆధారంగా చేస్తున్నది.

చిత్రంలో కనిపించేది

పటంలో ఇద్దరు వ్యక్తులు కూర్చుని ఉన్నారు. వారి నడుమ బల్ల, దానిమీద కాగితాలు, వ్రాత పరికరాలు ఉన్నాయి. రాకింగ్‌హామ్ ప్రభువు కుటుంబ గౌరవానికి తగిన నిబ్బరంతో ఆసీనుడై ఉన్నాడు. బర్క్ కలం పట్టి, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తున్నవాడిలా ప్రభువువైపు తిరిగి ఉన్నాడు. వ్రాత ఒక క్షణం ఆగింది. రెండు వాక్యాల నడుమ ఉండే ఆ విరామాన్నే చిత్రకారుడు పట్టుకున్నాడు.

తుదిమెరుగులు పడకపోవడం వల్ల రెనాల్డ్స్ పనితీరు ఈ పటంలో కొంత బయటపడుతుంది. పూర్తయిన చిత్రంలో నున్నని రంగుపొరల కింద దాగిపోయే తొలి రూపరచన ఇక్కడ కంటికి ఆనుతుంది. ఇద్దరిని ఎలా కూర్చోబెట్టాలి, చూపులు ఎటు సాగాలి, చేతులు ఎక్కడ ఉండాలి అన్న నిర్ణయాలు ముందే జరిగిపోయాయి. వ్యక్తుల ముఖకవళికలను పండించడమే మిగిలింది. కనుక ఈ పటాన్ని వ్యక్తుల పోలికల కోసం చూడడం కన్న, వారి మధ్య సంబంధం కోసం చూడడం సమంజసం. అసంపూర్ణతలో ఏదో గూఢార్థం ఉన్నదని భావించనక్కరలేదు. రెనాల్డ్స్ చిత్రశాలలో పూర్తికాని పటాలు మరికొన్ని ఉండేవి. అయితే రూపరచన దశలోనే ఆగిన చిత్రం తన నమూనాను దాచుకోలేదన్న సంగతి మాత్రం మన పరిశీలనకు ఉపకరిస్తుంది.

నమూనా: టిషియన్ నుంచి వాన్ డైక్ దాకా

పద్దెనిమిదో శతాబ్ది ఇంగ్లండులో సంభాషణ చిత్రం అనే పేరుతో ఒక ప్రక్రియ ప్రచారంలో ఉండేది. హోగార్త్, ఆర్థర్ డెవిస్, జోఫనీ వంటివారు కుటుంబాలనూ మిత్రబృందాలనూ ఇంటి గదులలో, తోటలలో, చిన్న పరిమాణపు పటాలలో చిత్రించారు. సంభాషణ అనే మాటకు అక్కడ గోష్ఠి, సాంగత్యం అన్న అర్థాలు కూడా ఉన్నాయి. రెనాల్డ్స్ పటం ఈ తెగకు చెందినది కాదు. ఆయన పరిమాణంలోనూ గాంభీర్యంలోనూ పునరుజ్జీవన కాలపు ఇటలీవైపు, అక్కడి సంప్రదాయాన్ని ఇంగ్లండుకు తెచ్చిన వాన్ డైక్‌వైపు చూశాడు.

ఆ సంప్రదాయపు మూలాలు పదహారో శతాబ్దిలో ఉన్నాయి. 1510-12 ప్రాంతంలో సెబాస్తియానో దెల్ పియోంబో చిత్రించిన ఫెర్రీ కరోందెలే పటంలో ప్రభువు చెంత లేఖకుడున్నాడు. వెనిస్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జార్జ్ దర్మాన్యాక్‌ను, ఆయన కార్యదర్శి గియోమ్ ఫిలాంద్రియేను 1530ల చివరి భాగంలో టిషియన్ ఒకే పటంలో చిత్రించాడు. అందులో రాయబారి దృష్టి దూరాన ఉంది. కార్యదర్శి తలయెత్తి ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. ఆలోచన ఒకరిది, అక్షరం మరొకరిది అనే విభజనను ఈ రెండు చూపులే చెబుతాయి.

వాన్ డైక్ టిషియన్‌ను శ్రద్ధగా అధ్యయనం చేసినవాడు. 1639-40 ప్రాంతంలో ఆయన ఐర్లండు పరిపాలకుడు థామస్ వెంట్‌వర్త్, అంటే మొదటి స్ట్రాఫర్డ్ ప్రభువును, ఆయన కార్యదర్శి సర్ ఫిలిప్ మేన్వరింగ్‌తో కలిపి చిత్రించాడు. స్ట్రాఫర్డ్ చేతిలో ఉత్తరం ఉంది. మేన్వరింగ్ కలం ఎత్తిపట్టి ప్రభువు ముఖంవైపు చూస్తున్నాడు. స్ట్రాఫర్డ్ అతనివైపు చూడడు. జవాబును మనసులో కూర్చుకుంటున్న గంభీర ముద్ర ఆ ముఖంలో ఉంది. ఈ పటం వెంట్‌వర్త్ వంశీయుల సొత్తుగా యార్క్‌షైర్‌లోని వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ భవనంలో ఉండేది. రాకింగ్‌హామ్ ఆ భవనానికి వారసుడు. అంటే రెనాల్డ్స్ తన పోషకుడి ఇంటిగోడమీది పటాన్నే మూసగా తీసుకుని, నూట పాతికేళ్ల తర్వాత అదే వంశానికి చెందిన ప్రభువును అదే భంగిమలో కూర్చోబెట్టాడు.

పూర్వ చిత్రకారుల భంగిమలను స్వీకరించడం రెనాల్డ్స్‌కు అలవాటు. రాయల్ అకాడమీ అధ్యక్షుడిగా 1774లో చేసిన ఆరవ ఉపన్యాసంలో అనుకరణను ప్రతిభకు పోషకంగా ఆయన సమర్థించాడు. ఆ మరుసటి ఏడాదే నథానియల్ హోన్ అనే చిత్రకారుడు ఈ అలవాటును ఎగతాళి చేస్తూ గారడీవాడి పటమొకటి వేశాడు. ఈ వాదంలో ఎవరి పక్షం సరైనదన్నది ఇక్కడ ప్రధానం కాదు. మన అలంకారికులు కూడా పూర్వకవి భావాన్ని గ్రహించడంలో చౌర్యమేది, సంస్కారమేది అని చర్చించినవారే. రాజశేఖరుడి కావ్యమీమాంస ఈ విచారణకు ప్రసిద్ధం. గ్రహించిన రూపం కొత్త సందర్భంలో ఏ అర్థాన్నిస్తుందన్నదే మనకు కావలసిన ప్రశ్న.

స్ట్రాఫర్డ్ వారసత్వంలోని వైరుధ్యం

స్ట్రాఫర్డ్ కుమార్తె ఆన్ వాట్సన్ వంశంలోకి కోడలిగా వెళ్లింది. ఆమె కుమారుడికి మేనమామ ద్వారా వెంట్‌వర్త్ ఆస్తి సంక్రమించడంతో ఆ వంశానికి వాట్సన్-వెంట్‌వర్త్ అన్న జంటపేరు ఏర్పడింది. ఆ విధంగా మన రాకింగ్‌హామ్ స్ట్రాఫర్డ్‌కు ముని మనుమడి కొడుకు. కనుక భంగిమను స్వీకరించడం వంశగౌరవ ప్రకటన అనడంలో సందేహం లేదు.

రాజకీయంగా మాత్రం ఈ వారసత్వం చిక్కుతో కూడినది. స్ట్రాఫర్డ్ మొదటి ఛార్లెస్ రాజు ఏకపక్ష పాలనకు కుడిభుజం. రాజు ప్రత్యేకాధికారాలను పార్లమెంటుకు వ్యతిరేకంగా సమర్థించిన నేరానికే 1641 మే 12న ఆయన శిరచ్ఛేదానికి గురయ్యాడు. రాకింగ్‌హామ్ వర్గానికి ఉన్న గుర్తింపు ఇందుకు సరిగ్గా విరుద్ధమైనది. మూడవ జార్జ్ ఆస్థానపు రహస్య ప్రాబల్యాన్ని అడ్డుకోవడం, మంత్రివర్గం పార్లమెంటు విశ్వాసంమీద నిలబడాలని వాదించడం ఆ వర్గపు మూలసూత్రాలు. రాజాధికారానికి బలియైన పూర్వికుడి ఆసనంలో, రాజాధికారాన్ని ప్రతిఘటించే వారసుడు కూర్చున్నాడు.

ఈ వైరుధ్యం రెనాల్డ్స్‌కు గాని రాకింగ్‌హామ్‌కు గాని తట్టలేదని అనుకోవడం కష్టం. స్ట్రాఫర్డ్ మరణకథ ఇంగ్లండు చదువరులకు పాఠశాల పాఠంలా తెలిసినది. అయినా ఆ భంగిమను ఎంచుకున్నారంటే, రూపానికి ఉన్న వంశగౌరవం దాని సిద్ధాంత భారాన్ని మించినదని భావించి ఉండాలి. ప్రభువర్గ రాజకీయాలలో వంశం, సిద్ధాంతం రెండూ ఏకకాలంలో పనిచేశాయనడానికి ఇది సాక్ష్యం. విగ్ ప్రభువులు స్వాతంత్ర్యాన్ని సమర్థించింది కూడా తమ వంశాలకు, భూములకు ఉన్న హోదా ఆధారంగానే.

సమానుల సంభాషణ: నెల్లర్ పటంతో పోలిక

నమూనా ఎంపికలోని విశేషం మరొక పటంతో పోల్చినప్పుడు స్పష్టపడుతుంది. లండన్‌లో విగ్ ప్రముఖుల కూటమిగా పేరొందిన కిట్-క్యాట్ క్లబ్బు సభ్యులను సర్ గాడ్‌ఫ్రీ నెల్లర్ వరుసగా చిత్రించాడు. ఆ వరుసలో ఇద్దరు కలిసి ఉన్న పటం ఒక్కటే. 1721 ప్రాంతానికి చెందిన దానిలో న్యూకాజిల్ డ్యూక్, ఆయన బావమరిది లింకన్ ప్రభువు మద్యపాత్రలతో కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ప్రభువులే, బంధువులే, ఒకే పక్షంవారే. అక్కడ ఎవరూ చెప్పరు, ఎవరూ వ్రాయరు. ఇద్దరి చేతులలోనూ ఉన్నది పానపాత్రే కనుక హోదా భేదం లేదు. విగ్ రాజకీయానికి స్నేహమూ బాంధవ్యమూ పునాదులని ఆ పటం సూటిగా చెబుతుంది.

ఆ న్యూకాజిల్ డ్యూకే 1765 జులైలో ఏర్పడిన రాకింగ్‌హామ్ మంత్రివర్గంలో రాజముద్రాధికారిగా చేరాడు. బర్క్ నియామకాన్ని వ్యతిరేకించినవాడు కూడా ఆయనే. ఐరిష్‌వాడైన బర్క్ లోపల కాథలిక్కు అనీ, బహిష్కృత స్టువర్ట్ రాజవంశ పక్షపాతి అనీ ఆయన రాకింగ్‌హామ్‌ను హెచ్చరించాడు. విషయం తెలిసిన బర్క్ పదవి వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. రాకింగ్‌హామ్ ఆయనమీద నమ్మకం ఉంచి కొనసాగించాడు. నెల్లర్ పటంలోని సమానుల లోకం కొత్తవాడిని ఎలా చూసిందో ఈ ఉదంతం తెలుపుతుంది. బర్క్‌కు వంశం లేదు, భూమి లేదు, పానపాత్ర పట్టుకుని కూర్చునే హక్కు లేదు. ఆయన ఆ బల్ల దగ్గరకు చేరినది కలం ద్వారానే. కనుక రెనాల్డ్స్ ముందు సమానుల నమూనా ఉన్నా దానిని వాడే అవకాశం లేకపోయింది. ప్రభువు, లేఖకుడు అనే నమూనాయే నాటి సమాజానికి అర్థమయ్యే భాష.

కలం పట్టినవాడి స్థానం

బర్క్ డబ్లిన్‌వాడు. అక్కడి ట్రినిటీ కళాశాలలో చదివి, న్యాయశాస్త్రం కోసం లండన్ వచ్చి, సాహిత్యంవైపు మళ్లాడు. ఉదాత్తత, సౌందర్యాలమీద 1757లో ప్రచురించిన గ్రంథంతో ఆయనకు పేరొచ్చింది. 1764లో రెనాల్డ్స్, జాన్సన్‌లు నెలకొల్పిన సాహిత్య గోష్ఠిలో ఆయన తొలి సభ్యులలో ఒకడు. అంటే పటం వేసిన చిత్రకారుడికి, పటంలోని లేఖకుడు పోషకుడి ఉద్యోగి కావడానికి ముందే మిత్రుడు. 1792లో రెనాల్డ్స్ మరణించినప్పుడు ఆయన వీలునామా అమలు బాధ్యత వహించినవారిలో బర్క్ ఉన్నాడు.

రాకింగ్‌హామ్‌కు ముందు బర్క్ విలియం జెరార్డ్ హామిల్టన్ వద్ద పనిచేశాడు. ఆయన ద్వారా 1763లో ఏడాదికి 300 పౌండ్ల భరణం లభించింది. అందుకు ప్రతిగా తన సమయమంతా జీవితాంతం తనకే చెందాలని హామిల్టన్ కోరడంతో బర్క్ 1765లో ఆ భరణాన్నే వదులుకున్నాడు. కలాన్ని అమ్ముకోవడానికీ కలంతో సేవచేయడానికీ మధ్య ఆయన గీసిన గీత ఇది. రెండు నెలలు తిరక్కుండానే అన్నంత త్వరలో, అదే ఏడాది జులైలో రాకింగ్‌హామ్ కొలువులో చేరాడు. డిసెంబరులో వెండోవర్ స్థానం నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు.

రాకింగ్‌హామ్ తొలి ప్రభుత్వం ఒక ఏడాది మాత్రమే నిలిచింది. 1766 మార్చిలో అమెరికా వలసలపై విధించిన స్టాంపు చట్టం రద్దయింది. దానితోపాటే వలసలపై శాసనాధికారం పార్లమెంటుకు ఉన్నదని ప్రకటించే చట్టం కూడా వచ్చింది. జులైలో ప్రభుత్వం పోయింది. దాని పనులను సమర్థిస్తూ బర్క్ వెంటనే ఒక చిన్న కరపత్రం ప్రచురించాడు. అధికారం కోల్పోయిన ప్రభువు కథను లోకానికి చెప్పినది కార్యదర్శి కలమే.

ఆ తర్వాతి కాలంలో ఈ ఇద్దరి పని విభజన పటంలోని విభజనను పోలి ఉండదు. రాకింగ్‌హామ్ ప్రభువుల సభలో అరుదుగా మాట్లాడేవాడు. వక్తృత్వం ఆయనకు అబ్బలేదు. బర్క్ కామన్స్ సభలో ఆ వర్గపు ప్రధాన గళమయ్యాడు. 1770లో వెలువడిన దేశపు అసంతృప్తుల కారణాలపై గ్రంథం ఇందుకు మంచి నిదర్శనం. అందులో బర్క్ రాజకీయ పక్షాన్ని స్వార్థ ముఠాగా గాక, అందరూ అంగీకరించిన సూత్రం పునాదిగా జాతి మేలు కోసం పాటుపడేవారి కూటమిగా నిర్వచించాడు. ఆ గ్రంథం చిత్తుప్రతి అచ్చుకు ముందు రాకింగ్‌హామ్‌తోపాటు వర్గ ప్రముఖుల చేతుల్లో తిరిగింది. వారి అభిప్రాయాలు, సవరణలు దానికి తోడయ్యాయి. ఇక్కడ ప్రభువు చెప్పగా లేఖకుడు వ్రాయలేదు. లేఖకుడు వ్రాయగా ప్రభువులు చదివి, సవరించి, తమదిగా అంగీకరించారు. చెప్పడం, వ్రాయడం అనే క్రమమే తలకిందులైంది.

అయితే అసమానత తొలగిందనుకుంటే అదీ పొరపాటే. రాకింగ్‌హామ్ బర్క్‌కు అప్పులిచ్చాడు. తన మరణానంతరం ఆ పత్రాలను రద్దుచేయాలని ఏర్పాటు చేశాడు. 1780లో బ్రిస్టల్ నియోజకవర్గం చేజారినప్పుడు బర్క్‌కు ఆశ్రయమిచ్చినది రాకింగ్‌హామ్ పలుకుబడిలో ఉన్న మాల్టన్ స్థానం. 1782 మార్చిలో రాకింగ్‌హామ్ రెండవసారి ప్రధాని అయినప్పుడు, పదహారేళ్లపాటు పక్షానికి భాషనిచ్చిన బర్క్‌కు దక్కినది సైనిక వేతనాధికారి పదవి. అంతరంగ మంత్రివర్గంలో ఆయనకు చోటు లేదు. కలం పట్టినవాడు బల్ల దగ్గరే ఉన్నాడు గాని, బల్లకు అధిపతి కాలేదు.

రాయసం: తెలుగు పరిపాలనా పదజాలం నుంచి ఒక పోలిక

ఈ అసమాన సాహచర్యాన్ని వివరించడానికి మన పరిపాలనా చరిత్రలోనూ తగిన పదముంది. విజయనగర శాసనాలలో రాయసం అన్నది రాజు ఆజ్ఞలను వ్రాతలో పెట్టే ఉద్యోగం. ఆ ఉద్యోగ నామాన్ని పేరుకు ముందు ధరించినవారిలో రాయసం కొండమరుసు ప్రసిద్ధుడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో ఆయన ఉదయగిరి సీమ పాలనలో ప్రముఖ స్థానం వహించాడు. వ్రాతనుంచి పాలనకు ఎదిగే మార్గం దక్షిణాదిలో కొత్త కాదని ఇది చూపుతుంది.

పోలికకు హద్దు కూడా ఉంది. రాయసం ఉద్యోగి అధికారం రాజాజ్ఞ నుంచి వచ్చేది. బర్క్ వ్రాతకు అచ్చుయంత్రం, పత్రికలు, పార్లమెంటు వేదిక తోడయ్యాయి. రాజు అనుగ్రహం లేకపోయినా ఆయన కలానికి పాఠకులున్నారు. ఈ మార్పును వాన్ డైక్ నాటి నమూనా చూపలేదు. మేన్వరింగ్ వ్రాసినది ప్రభువు పేర వెళ్లే ఉత్తరం. బర్క్ వ్రాసినది ప్రజల చేతికి వెళ్లే గ్రంథం.

పోషకుడు, రచయిత కలిసి ఉన్నచోట కర్తృత్వాన్ని ఎవరో ఒకరికి పూర్తిగా కట్టబెట్టాలన్న తొందర మన సాహిత్య చరిత్రకూ తెలిసినదే. ఆముక్తమాల్యద రాయలదా, పెద్దనదా అన్న వివాదం ఎంతకాలం నడిచిందో చదువరులకు వివరించనక్కరలేదు. రాకింగ్‌హామ్, బర్క్‌ల విషయంలోనూ చరిత్రకారులు అటో ఇటో మొగ్గారు. పందొమ్మిదో శతాబ్దివారు బర్క్‌ను మేధగా, రాకింగ్‌హామ్‌ను నామమాత్రుడిగా చూశారు. 1929లో మూడవ జార్జ్ తొలినాటి రాజకీయ నిర్మాణంపై లూయీ నేమియర్ గ్రంథం వెలువడిన తర్వాత, బంధుత్వాలకూ పోషణకూ ప్రాధాన్యం పెరిగి, సూత్రాలు తెరచాటు మాటలుగా తేలాయి. ఆ దృష్టిలో బర్క్ పోషకుడి అవసరాలకు భాష్యకారుడు. పటంలోని భంగిమ రెండవ మతానికి అనుకూలంగా, గ్రంథాల సాక్ష్యం మొదటిదానికి అనుకూలంగా కనిపిస్తాయి. రెండింటినీ కలిపి చదివినప్పుడే అసమానతలోనే సాగిన ఉమ్మడి రచన అనే మూడవ సంభావ్యత తేటపడుతుంది.

బల్లమీది కాగితాలు, దూరపు నేలలు

ఈ సంభాషణకు తెలుగు నేలతో కూడా ఒక వాస్తవ సంబంధం ఉంది. రాకింగ్‌హామ్ తొలి ప్రభుత్వం నడుస్తున్న 1765 ఆగస్టులోనే రెండవ షా ఆలం నుంచి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ దివానీతోపాటు ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందింది. 1766 నవంబరులో హైదరాబాదులో నిజాం అలీఖాన్‌తో ఒప్పందం కుదిరింది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులు కంపెనీ అధీనమయ్యాయి. గుంటూరు సర్కారు అప్పటికి బసాలత్ జంగ్ వద్ద ఉండి 1788లో చేజిక్కింది. పటంలోని కాగితాలలో ఈ విషయాలున్నాయని ఊహించడం సాహసం. ఆ ఏడాది లండన్ దృష్టి అమెరికామీద ఉంది.

ఈ ఇద్దరి వైఖరి భారత విషయంలో మొదట కంపెనీకి అనుకూలంగానే ఉండేది. 1767లోనూ, 1773లోనూ కంపెనీ వ్యవహారాలలో ప్రభుత్వ జోక్యాన్ని ఆ వర్గం వ్యతిరేకించింది. సనదు ద్వారా వచ్చిన ఆస్తిహక్కును కాపాడడం, రాజు చేతికి కొత్త ధనం చిక్కకుండా చూడడం అందుకు కారణాలు. బర్క్ బంధువర్గానికి కంపెనీ వాటాలలో స్వప్రయోజనం కూడా ఉండి, 1769 పతనంలో వారు నష్టపోయారు. ఆప్తుడైన విలియం బర్క్ 1777లో మద్రాసు చేరి, తంజావూరు రాజుకు ప్రతినిధి అయ్యాడు.

1782 జులై 1న రాకింగ్‌హామ్ మరణించాడు. బర్క్ భారత విషయంలో చేసిన పెద్ద పనులు దాదాపు అన్నీ దాని తర్వాతివే. 1783 నాటి ఫాక్స్ ఇండియా బిల్లు రూపకల్పనలో ఆయన పాత్ర ప్రధానమైనది. 1785 ఫిబ్రవరి 28న ఆర్కాటు నవాబు అప్పులపై ప్రసంగించాడు. వారన్ హేస్టింగ్స్ విచారణ 1788లో మొదలై 1795లో నిర్దోషి తీర్పుతో ముగిసింది. ఆర్కాటు నవాబు రాజ్యంలో నెల్లూరు ప్రాంతం కూడా భాగం. 1801లో అది కంపెనీపరమయ్యేదాకా అక్కడి రైతు కట్టిన శిస్తు నవాబు ఖజానాకు చెందినదే. పాల్ బెన్‌ఫీల్డ్ వంటి మద్రాసు రుణదాతలకు ఆ రాజ్యపు ఆదాయాన్ని కట్టబెట్టడాన్ని బర్క్ తీవ్రంగా ఖండించాడు. తంజావూరు బాంధవ్యం ఆయన వాదానికి ప్రేరణలలో ఒకటి కావచ్చు. దానితో ఆ వాదంలోని న్యాయం తగ్గదు.

మన ప్రశ్నకు ఇందులో కీలకమైన సాక్ష్యముంది. చెప్పేవాడు లేకపోయాక కూడా వ్రాసేవాడి కలం ఆగలేదు. పైగా పోషకుడి కాలంలో తాము సమర్థించిన కంపెనీ సనదునే ప్రశ్నించే స్థితికి చేరింది. కలం కేవలం మరొకరి చేయి అయివుంటే ఈ మలుపు సాధ్యమయ్యేది కాదు.

సమాధి మందిరంలోని రెండవ చిత్రణ

వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ ఆవరణలో రాకింగ్‌హామ్ వారసుడైన ఫిట్జ్‌విలియం ప్రభువు 1780ల ద్వితీయార్ధంలో ఒక స్మారక మందిరం కట్టించాడు. వాస్తుశిల్పి జాన్ కార్. కేంబ్రిడ్జ్ మ్యూజియానికి పేరునిచ్చిన ఫిట్జ్‌విలియం వేరొక వంశశాఖవాడు కనుక ఇద్దరినీ ఒకరిగా భావించరాదు. మందిరం నడుమ నోలెకెన్స్ మలచిన రాకింగ్‌హామ్ నిలువెత్తు విగ్రహం ఉంది. చుట్టూ ఆయన మిత్రుల ప్రతిమలు ఎనిమిది ఉన్నాయి. బర్క్ వారిలో ఒకడు. ఫాక్స్, సర్ జార్జ్ సావిల్, పోర్ట్‌లండ్ డ్యూక్, కెపెల్ నౌకాధిపతి మొదలైనవారు తక్కినవారు.

రెనాల్డ్స్ పటంలో ఇద్దరి మధ్య ఉన్న సంబంధం ఇక్కడ తొమ్మండుగురి కూటమిగా విస్తరించింది. బర్క్ ఇప్పుడు కార్యదర్శి కాదు, మిత్రవర్గంలో ఒకడు. ప్రభువు, సామాన్యుడు పక్కపక్కనే ఉన్నారు. పక్షం అనే భావనకు దొరికిన తగిన రూపం ఇదే. అయినా మధ్యస్థానం రాకింగ్‌హామ్‌దే, ఆయనది నిలువెత్తు మూర్తి, తక్కినవారివి భుజాలవరకే. విగ్రహపీఠంమీది వచన లేఖనం బర్క్ రచన. మాట్లాడలేని ప్రభువు తరఫున చివరి మాట కూడా ఆయనే వ్రాశాడు.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది: ఇద్దరు రాజనీతిజ్ఞుల పటాన్ని ఆధారంగా స్వీకరించేటప్పుడు, దానికి మూలమైన పూర్వచిత్రాన్ని గుర్తించనిదే దాని అర్థం పూర్తికాదు. స్ట్రాఫర్డ్, మేన్వరింగ్‌ల పటం తెలియనివారికి రెనాల్డ్స్ చిత్రం కార్యాలయ దృశ్యం మాత్రమే. రెండవది: నమూనా చెప్పేదానినే చరిత్రగా స్వీకరించరాదు. ఉత్తరాలు, చిత్తుప్రతులు, సభాచరిత్ర చెప్పేదానితో దానిని సరిచూడాలి. ఇక్కడ పటం ప్రభువు మాటను చూపితే, వ్రాతలు లేఖకుడి మాటను వినిపిస్తున్నాయి. మూడవది: ఈ రెండింటి మధ్య అంతరాన్ని ఒకదానిని అబద్ధమని కొట్టివేసి పూడ్చరాదు. వంశానికి లోబడిన సమాజంలో సూత్రంమీద నిలిచే రాజకీయ పక్షం పుడుతున్న సమయమది. ఆ పుట్టుకకు తగిన చిత్రభాష ఇంకా ఏర్పడలేదు.

పోషకుడి పేర, లేఖకుడి చేత వెలువడిన వ్రాతలు మన భాషలోనూ కొల్లలుగా ఉన్నాయి. జమీందారీ దస్తావేజులు, కరణాల కవిలెలు, ఆస్థాన గ్రంథాల అవతారికలు అందుకు ఉదాహరణలు. వాటిలో ఎవరి మాట ఏది అని తేల్చబోయే ముందు, చెప్పడానికీ వ్రాయడానికీ మధ్య జరిగిన సవరణలను, అప్పులను, నమ్మకాలను లెక్కలోకి తీసుకోవడం అవసరం. రెనాల్డ్స్ పటంలో బర్క్ కలం కాగితానికి కొంచెం ఎడంగా ఆగి ఉంది. ఆ ఎడంలో ఎంత చరిత్ర పట్టిందో వ్రాతల సాయంతోనే మనం చదవగలుగుతున్నాం.